యాడికని అడగని ఇల్లు

మా ఇంట్లో గడప దాటేవాణ్ణి "యాడికి?" అని అడిగే అలవాటు లేదు. అడిగితే పోయే పని చెడుతుందని నమ్మకం. తెలుసుకోవాలనిపిస్తే "దూరమా?" అనాలి. "దూరమేమీ లేదు" అనో, "కొంచెం దూరమే" అనో జవాబు వస్తుంది. అంతకు మించి తవ్వకూడదు. పొరపాటున ఎవరైనా ఆ మాట అనేస్తే పోయేవాడు వెనక్కి రావాలి. కాళ్ళు కడుక్కొని, కాసేపు కూర్చొని, గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాలి. నా చిన్నప్పుడు మా మేనమామ హిందూపురంలో పెళ్ళికి బయలుదేరితే పక్కింటి ముసలాయన ఆ మాట అడిగేశాడు. మామ వెనక్కి వచ్చి, కూర్చొని, నీళ్ళు తాగి లేచాడు. వీధిలోకి రాగానే మతిమరుపు ముసలాయన మళ్ళీ అదే అడిగాడు. మామ రెండోసారి నీళ్ళు తాగేలోపల బండి వెళ్ళిపోయింది. ఆ ముసలాయన పోయేదాకా మామ ఆయన్ను "నా పెళ్ళి భోజనం తిన్న తాత" అనే పిలిచాడు.

నేను లెక్కల మనిషిని. బడిలో రెండో తరగతి దాటలేదు. ఎక్కాలు, భిన్నాలు, వర్గమూలాలు అన్నీ మగ్గం పక్కన కూర్చొని, గోడ మీద బొగ్గుతో గీసి, నాకు నేనే నేర్చుకున్నాను. కబ్బన్‌పేట నేతగాళ్ళకూ పేట వర్తకులకూ మధ్య కూర్చొని, ఏ చీరకు పడుగెంత, పేకెంత, ఎన్ని చీరలకు ఎంత నూలు పడుతుందో తేల్చిచెప్పడం నా పని. అందుకని మా ఇంటి ఆచారం నాకు బాగానే నప్పింది. మనిషి ఎక్కడికి పోతున్నాడో తెలియకపోయినా, ఎంత దూరమో తెలిస్తే సగం తెలిసినట్లే అనుకునేవాణ్ణి.

ఆ సగం చాలదని నా తమ్ముడి వల్ల తెలిసింది.

వాడు నాకంటే చాలా చిన్నవాడు. నా పెళ్ళినాటికి గోచీ కట్టుకుని తిరిగేవాడు. యుద్ధం మొదలయ్యాక ఒక పొద్దున సంచి భుజాన వేసుకొని గడప దాటుతుంటే, అమ్మ పొయ్యి దగ్గర నుంచి "దూరమా నాయనా?" అని అడిగింది. "లేదమ్మా, ఈ పక్కకే" అన్నాడు. వాడు మళ్ళీ ఆ గడప తొక్కేసరికి నాలుగేళ్ళు గడిచాయి. పటాలంలో చేరాడని మాకు తెలిసింది కూడా మూడోవాళ్ళ వల్ల. బర్మా దాకా పోయి వచ్చాడు.

తిరిగొచ్చినవాడు ఇంట్లో కుదురుగా ఉండలేదు. చీకటితో లేచి పోయేవాడు, దీపాలు పెట్టేవేళకు వచ్చేవాడు. అన్నం నిలబడి తినేవాడు. తినేటప్పుడు కూడా కన్ను వాకిలి మీదే. మాది గుంతమగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చొని నెయ్యాలి. మా నాయన మగ్గం అది. వాడు వచ్చిన రెండో రోజు నేను దుమ్ము దులిపి, పడుగు ఎక్కించి, "రాప్పా" అన్నాను. వచ్చాడు, గుంతలోకి కాళ్ళు దించాడు. ఒకటి రెండు ఊపిరులు తీసుకున్నంతసేపు ఉన్నాడో లేదో, రెండు చేతులు నేలకానించి ఎగిరి బయట పడ్డాడు. ముఖం నిండా చెమట.

"గుంతలో నేను కూర్చోలేనన్నా" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ మగ్గం మీద పడుగు పడుగులాగే ఉండిపోయింది.

వాడు పొద్దంతా ఎక్కడ తిరుగుతున్నాడో ఎవరం అడగలేదు. "దూరమా?" అంటే "లేదు" అనేవాడు. ఆ "లేదు"ను మేము ఒకసారి నమ్మి ఉన్నాం. అందుకే వాడు వాకిట్లో చెప్పులు తొడుక్కునే చప్పుడు వినబడితే అమ్మ చేతిలో పని ఆగిపోయేది. నా లెక్క తప్పేది. తెల్లవారుజామున ఆ చప్పుడు కోసమే మెలకువ వచ్చేది. అది వినబడి, తలుపు మూసుకున్నాక, సాయంత్రం మళ్ళీ తలుపు తెరుచుకునేదాకా ఇల్లు ఇల్లులాగా ఉండేది కాదు.

ఎండలు ముదిరాక వాడితో పటాలంలో ఉన్న ఒకడు మా ఇంటికి వచ్చాడు. మద్రాసు హార్బరులో పనుందట. వీళ్ళ జట్టు వాళ్ళు ఇద్దరు అప్పుడే చేరారట. "రాముల పండగ దాటినాంక చోటుండదప్పా, వస్తే అప్పటికే వచ్చేయల్ల" అన్నాడు. తమ్ముడు ఔననలేదు, కాదనలేదు. లోపల అమ్మ వింటోంది. అతను పోయాక నన్ను పిలిచి, "ఈసారి వాడు పోతే నేను చూడను రా, చెప్తాండా" అంది. చూడను అంటే ఏమిటో నాకు తెలుసు. నాలుగేళ్ళు ఎదురుచూసి ఆమె సగమైంది. మరో నాలుగేళ్ళకు ఆమెలో మిగిలింది లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడే ముందు నోరు తెరిచింది. వదినకు మరిదితో వేళాకోళం ఆడే చనువుంటుంది. ఆమె ఆచారానికి అడ్డం పడకుండా పక్కదారి పట్టింది.

"ఏమప్పా, నా చేతి కూడు నీకు రుచించదు. బయట ఏమేమో తిని తాగి వస్తాండావు. ఒగ దినమన్నా మమ్మల్ని పిల్చకపోతివే?"

"నడవగలవా వదినా?"

"నీ పెండ్లికి పిల్లను చూసేదానికి ఊరూరా తిరగబోయేదాన్ని, ఇది నడవలేనా?"

వాడు నవ్వాడు. చెయ్యి కడుక్కొని వచ్చి, వాకిలికి ఆనుకొని నిలబడే, ఒక సంగతి చెప్పాడు. యుద్ధం గురించి వాడు నోరు విప్పింది ఆ ఒక్కసారే. అందులో యుద్ధం లేనే లేదు. వాళ్ళ పటాలంలో ఒక తెల్ల సార్జంటు ఉండేవాడట. అతని ఊరి దగ్గర గుట్టల్లో జనం ఒక ఆట ఆడతారట. ఒకరు చిన్న డబ్బాలో ఒక ముద్ర పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటుకు గుర్తులు రాసి ఇస్తారు. మిగతావాళ్ళు నడిచి, వెతికి, డబ్బా దొరికితే తమ కాగితం మీద ఆ ముద్ర వేసుకొని, డబ్బాను మళ్ళీ దాచిన చోటే పెట్టి వచ్చేస్తారు.

"అంతేనా? ఏమీ దొరకదా?" అంది మా ఆవిడ.

"అంతే వదినా. పోయినందుకు ముద్ర. ఆయప్ప వానలో కూర్చొని మాకు అదే చెప్తావుండె. నేనేమో మన ఊర్లో యాడ పానకం, యాడ మజ్జిగ అని తలుచుకుంటావుంటి."

మరునాటి నుంచి వాకిట్లో సన్నటి చెక్కపొట్టు రాలడం మొదలైంది. వాడు నిలబడే, చేతిలో చాకుతో ఏదో చెక్కేవాడు. దగ్గరికి పోయి చూస్తే ఆ చెక్కలు మా నాయన వాడి అరగదీసిన నాడెలు. పడుగులో అటూ ఇటూ పరుగెత్తడమే తప్ప నాడె ఒకచోట నిలిచే వస్తువు కాదు. వాటిని ముక్కలుగా కోసి ముద్రలు చేస్తున్నాడు. సిగరెట్ల గుండ్రటి రేకు డబ్బాలు పటాలం నుంచి తెచ్చినవి వాడి దగ్గర ఉన్నాయి. మూటల మీద గుర్తులు వేసే నీలి రంగు నన్నే అడిగి తీసుకున్నాడు. అమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "పోయేవాడైతే ఇంత పని పెట్టుకుంటాడా?" అని నన్ను రోజూ అడిగేది. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. పోయేవాడు కూడా పనులు ముగించుకునే పోతాడు.

శ్రీరామనవమి పొద్దున మేము లేచేసరికి వాడు లేడు. అమ్మ పానకానికి నానబెట్టిన బెల్లం గిన్నె కింద మడిచిన చీటీ ఒకటి ఉంది. "గుడి పందిట్లో పానకం తాగండి. చేతులు కడిగే చోట కదిలే రాయి వెనక." అంతే.

"మీరిద్దరూ పోండి" అంది అమ్మ. "వాడు ఏమి తింటాండాడో, యాడ తింటాండాడో చూసి రాండి. నేను నడవలేను."

పండగపూట ఇంటి పని వదిలి మొగుడూ పెళ్ళాం ఊరి మీద పడడం మా వీధిలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. మా ఆవిడ కొంగు భుజాల చుట్టూ కప్పుకొని, నాకు నాలుగడుగుల వెనక నడిచింది. వీధి మలుపు తిరిగాక పక్కకు వచ్చింది.

పందిట్లో పానకం పోస్తున్న పెద్దాయన మమ్మల్ని ఎరుగును. ఆ ఏడు బెల్లానికి కరువు. నీళ్ళలో మిరియాలు, ఏలకులు దండిగా వేసి లోటు కప్పిపుచ్చారు. గొంతు మండింది. "శ్రీరాముడు కూడా రేషను కార్డు మీదే బతుకుతాండాడప్పా" అన్నాడాయన. తర్వాత, "మీ తమ్ముడు కుండ దించకముందే వచ్చినాడు. మొదటి గ్లాసు వాడిదే. పెసరపప్పు కోసంబరి ఆకులో పెట్టిస్తే నడుస్తానే తినిపాయ" అన్నాడు.

"ఎట్ల పాయ?" అన్నాను.

"అట్ల" అని తూర్పు చూపించాడు.

చేతులు కడిగే తొట్టి వెనక కదిలే రాయి తీస్తే డబ్బా ఉంది. లోపల చెక్కముద్ర. దాని మీద చిన్న పానకం కుండ, కుండ మూతి మీద రెండు మామిడాకులు. అంత నాజూకుగా చెక్కగలడని నాకు తెలియదు. మా ఆవిడ వెంట తెచ్చిన కాగితం మీద ముద్ర వేసి, తడి ఆరేదాకా ఊదింది. డబ్బా అడుగున మరో చీటీ: "హలసూరు గేటు. నిలబడి అంబలి తాగే చోటు. అంబలి అవ్వ చూసే వైపు, గోడ వెంట నలభై అంగలు."

అంగలు అనేసరికి నాకు హుషారు వచ్చింది. ఇది నా పని. హలసూరు గేటు దగ్గర బండివాళ్ళకు రాగి అంబలి పోసే అవ్వ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ తరిగి వేసి, ఒక్కో ముంత చేతికిచ్చింది. తాగుతూ తమ్ముడి ఆనవాళ్ళు చెప్పాను.

"ఆ నిలబడుకోని తాగే అప్పానా?" అంది అవ్వ. "దినామూ వస్తాడు. కూచోప్పా అంటే కూచోడు. కాళ్ళ కింద నిప్పులుండే మాదిరి. ఇంట్లో ఏమన్నా గలాటానా?"

"ఏమీ లేదవ్వా" అంది మా ఆవిడ.

"ఏమీ లేకుంటే మనిషి అట్లెందుకుంటాడమ్మా?"

నేను గోడ వెంట నడవడం మొదలుపెట్టాను. నా అంగ ఎంతో నాకు తెలుసు. బట్ట కొలిచే గజంతో ఎప్పుడో కొలుచుకొని పెట్టుకున్నాను. నలభయ్యో అంగ దగ్గర ఉన్నది ఒక ఎండిపోయిన మోరీ. కట్టెతో కెలికాను. గోడ సందుల్లో వేలు పెట్టాను. మళ్ళీ మొదటికి వచ్చి మళ్ళీ నడిచాను. బండివాళ్ళు అంబలి ముంతలు పట్టుకొని వేడుక చూస్తున్నారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వేదెందుకు?" అన్నాను.

"నువ్వు ఉగాదికి అత్తగారింటికి పోయే మాదిరి నడుస్తాండావు. వాడు అట్ల నడుస్తాడా? నాలుగేండ్లు కవాతు చేసినోడు. కాళ్ళు చాపి నడువు."

కాళ్ళు చాపి నడిచాను. మోరీకి చాలా అవతల, గోడ బీటలో డబ్బా దొరికింది. ముద్ర మీద రాగి కంకి. మా ఆవిడ దాన్ని కాగితం మీద అద్దుతూ నవ్వుతూనే ఉంది. నేను నవ్వలేకపోయాను. ఇంట్లో మనిషి అంగ ఎంత పొడుగైందో కూడా నాకు తెలియకుండా పోయిందని అనిపించింది.

మూడో చీటీ మమ్మల్ని దండుకు పొమ్మంది. తెల్ల పటాలాలు ఉండే కంటోన్మెంటును మేము దండు అంటాం. పార్కు గుండా అడ్డంగా నడిచాం. ఎండ పైకి వచ్చింది. చెట్ల నీడలో నడుస్తున్నంతసేపు మా ఆవిడ మాట్లాడుతూనే ఉంది: కోసంబరిలో కొబ్బరి తక్కువైందని, అంబలి బాగుందని, అవ్వ ఉల్లిపాయ తరిగిన తీరు బాగుందని. నేను వింటూనే మనసులో దారి గీసుకుంటున్నాను. మా వీధి, గుడి, హలసూరు గేటు, దండు. అన్నీ తూర్పుకే. ఒక్కో డబ్బాకూ దూరం పెరుగుతోంది. షికారు పోయేవాడు ఎక్కడో ఒకచోట ఇంటి వైపు తిరుగుతాడు. ఈ నడకలో ఆ మలుపు లేదు.

"ఏమి లెక్క?" అంది మా ఆవిడ, నా ముఖం చూసి.

"వాడు వెనక్కి తిప్పడం లేదే" అన్నాను.

ఆమె నెమ్మదిగా అంది, "పొద్దున చెప్పకూడదని ఊరికే ఉంటి. నిన్న వాడు చొక్కాలన్నీ ఉతికి ఆరేసినాడు. ఈ పొద్దు దండెం మీద ఒగటీ లేదు."

ఆ తర్వాత మేము నీడ కోసం ఆగలేదు.

దండులో గోలీసోడా అంగడి ముందు సోల్జర్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళను తప్పించుకొని మా ఆవిడను ఒక పక్కన నిలబెట్టాను. అంగడివాడు అరవ మనిషి. మాకోసం తెలుగులోకి దిగాడు. నన్నారి షర్బత్ పోసి, పైన గోలీసోడా కొట్టి ఇచ్చాడు. మా ఆవిడ సోడా తాగడం అదే మొదలు. గ్లాసు పెదవికి తాకకుండా ఎత్తి పోసుకోబోయి, నురుగు ముక్కులోకి పోయి, కళ్ళలో నీళ్ళు వచ్చేలా తుమ్మింది. ఇంకెప్పుడైనా అయితే ఆ కథను ఏడాది పొడవునా చెప్పుకొని నవ్వేవాళ్ళం.

"పటాలం నుంచి వచ్చిన నా తమ్ముడు..." అని నేను మొదలుపెట్టకముందే అంగడివాడు బల్ల కిందికి వంగి డబ్బా తీసి ఇచ్చాడు. "మీరేనా అన్న? చెప్పినాడు. నిన్న పడకచుట్ట ఇక్కడే పెట్టి పోయినాడు. ఈ పొద్దున్నే ఎత్తుకొని స్టేషనుకు పోయినాడు."

మా ఆవిడ ముద్ర వేయలేదు. కాగితం నా చేతిలో పెట్టింది. నేనే వేశాను. గోలీసోడా బుడ్డి. రంగు ఎక్కువై అలుక్కుపోయింది. కింద చీటీ: "దండు స్టేషనులో మధ్యాహ్నం పాసింజరు ఎక్కండి. కాడుగోడి దగ్గర దిగండి. చింతచెట్టు కింద మజ్జిగ."

కాడుగోడి దాటితే ఆ పట్టాలు జోలార్‌పేట మీదుగా మద్రాసు పోతాయి. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"నువ్వు పో" అంది. "ఆయమ్మ ఒగతే ఉండాది. నైవేద్యం పొద్దు మీరిపోతాది. నేను జట్కా ఎక్కి పోతా."

"అమ్మకు ఏమి చెప్తావు?"

"ఇంగా నడుస్తాండారని చెప్తా." రెండడుగులు పోయి వెనక్కి తిరిగింది. "వాడు మద్రాసు బండి కాడికి మనల్ని పిల్చినాడు. పారిపొయ్యేవాడు ఎవరన్నా పిలుస్తాడా? అది కూడా లెక్క వెయ్యి."

పాసింజరులో నాకు కూర్చునే చోటు దొరికింది. అయినా కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర కడ్డీ పట్టుకొని నిలబడ్డాను. నా ముందున్న ముసలామె "కూచోప్పా, మా కాళ్ళు తొక్కుతాండావు" అని రెండుసార్లు కసిరింది. వాడు ముందు బండిలోనే పోయి ఉంటాడా? లేక నేను దిగే ఈ బండినే ఎక్కుతాడా? ఇదే ఎక్కేటట్లయితే, బండి ఆగేది ఎంతసేపు? అంతసేపట్లో మనిషికి ఏమి చెప్పవచ్చు? అమ్మ సంగతి చెప్పాలా? వాడికి తెలియనిదా? మగ్గం గుంత పూడ్చేస్తానని చెప్పాలా? అనుకున్న ప్రతి మాటా చాలా పొడుగ్గా ఉంది. బండి ప్రతి చిన్న స్టేషనులోనూ నిలబడి, కదలనా వద్దా అన్నట్లు మూలుగుతోంది. జేబులో కాగితాన్ని అన్నిసార్లు తడిమితే పానకం కుండ నీలం నా వేళ్ళకు అంటుకుంది.

కాడుగోడి దగ్గర దిగేసరికి వాడు ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. భుజాన పడకచుట్ట. వెనక చింతచెట్టు కింద ఒక అవ్వ మజ్జిగ కుండ పెట్టుకొని కూర్చుంది. నన్ను చూసి వాడి ముఖం విచ్చుకుంది. వెంటనే ముడుచుకుంది.

"వస్తివా అన్నా! వదిన రాలేదా?"

"దండు దాకా వచ్చె."

"డబ్బా ఆ చెట్టు తొర్రలో ఉండాది. మజ్జిగ తాగు. ఇంగువ, కొత్తిమీర వేసి బాగా చేస్తుంది ఈ అవ్వ. బర్మాలో నేను తలుచుకొనింది ఈ మజ్జిగనే." మాట్లాడుతూనే నన్ను దాటి బండి తలుపు కడ్డీ మీద చెయ్యి వేశాడు. "నేను..."

అక్కడ ఆగాడు. అది నా వంతు అని ఇద్దరికీ తెలుసు. "దూరమా?" అని నేను అడగాలి. ఆ మాట నా నాలుక చివరికి వచ్చేసింది కూడా. నలభై ఏళ్ళ అలవాటు. ఆ దూరం నాకు మైళ్ళతో సహా తెలుసు. అడిగితే వాడు "లేదన్నా" అంటాడు. బండి కదులుతుంది.

"యాడికప్పా?" అన్నాను.

గట్టిగానే వచ్చినట్లుంది. కిటికీల్లో తలలు ఇటు తిరిగాయి. మజ్జిగ అవ్వ గరిటె కుండలో వదిలేసింది. "అయ్యో, బండెక్కేవాణ్ణి అట్ల అడుగుతారాప్పా? నీకు ఇంట్లో పెద్దోళ్ళు చెప్పలేదా?"

తమ్ముడు కడ్డీ వదలకుండా నా వైపు చూశాడు. "ఏమంటివి?"

"యాడికి పోతాండావు అంటాండా."

"మరిచిపోయి అంటివా?"

"తెలిసే అంటి."

వాడు యుద్ధం చూసి వచ్చినవాడు. శకునాలను నమ్ముతాడని నేను అనుకోలేదు. ఆ క్షణంలో బండెక్కి పోవాలంటే పోవచ్చు. గార్డు ఈల వేశాడు. వాడి గొంతులో ఏదో కదిలింది. ముందు అది దగ్గు అనుకున్నాను. అది నవ్వు. మా మేనమామ పెళ్ళి భోజనం కథ వాడికీ తెలుసు. నవ్వుతూనే కడ్డీ వదిలి, భుజం మీది చుట్ట కింద పడేశాడు.

"చెడగొట్టేస్తివే అన్నా. ఇంగ కాళ్ళు కడుక్కోవల్ల."

"కడుక్కో. కూర్చో. నీళ్ళు తాగు."

"నీళ్ళు యాడుండాయి ఇక్కడ?" అంది అవ్వ. "మజ్జిగే తాగు. అదీ చల్లగానే ఉండాది. కూచోప్పా ముందు."

వాడు చింతచెట్టు మొదట్లో కూర్చున్నాడు. బండి కదిలిపోయింది. వాడు దాని వైపు చూడలేదు. చివరి పెట్టె మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నేను చూశాను. ఒకవేళ మళ్ళీ ఆగుతుందేమోనని.

మజ్జిగ సగం తాగాక, అడిగినందుకు జవాబు చెప్పాలన్నట్లు అన్నాడు, "మద్రాసుకన్నా. హార్బరుకు."

"ఊఁ."

"ఆ గుంతలో నేను కూచోలేను."

"కూచోవద్దు. ఎవరు కూచోమనిరి?"

"ఎవరూ అన్లేదు. ఎవరూ ఏమీ అన్లేదు. దినామూ పోతాండా, దినామూ వస్తాండా. దూరమా అంటారు. లేదంటా. పోయినసారి కూడా, అన్నా, గడప కాడ అమ్మ ఒగ మాట యాడికి రా అని ఉంటే, నేను చెప్పేసుందును. చెప్పేసుంటే పోయుందునో లేదో." గ్లాసు అవ్వ వైపు చాపాడు. "ఇంగో గ్లాసు పొయ్యవ్వా. శకునం చానా పెద్దది."

తిరుగు బండి పొద్దుగూకే వేళకు గానీ లేదు. తొర్రలో డబ్బా తీశాను. ముద్ర ఉంది గానీ దాని మీద ఏమీ చెక్కలేదు. నున్నటి నాడె చెక్క, అంతే. ఏం చెక్కాలో తోచలేదన్నాడు. జేబులో నుంచి చాకు తీసి అవ్వ మజ్జిగ కుండను చూస్తూ చెక్కడం మొదలుపెట్టాడు. చెట్టుకు ఆనుకొని, కాళ్ళు బార చాపుకొని, కూర్చొని చెక్కాడు. యుద్ధం నుంచి వచ్చాక వాడు అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు. "నా కుండ మూతి అంత వంకర లేదప్పా" అని అవ్వ తగువు పెట్టుకుంది.

వాడి పక్కన కూర్చొని నేను చేతనైన పని చేశాను. మా వర్తకుల నూలు దొడ్డబళ్ళాపురం మగ్గాలకు పోతుంది. అక్కడ నేసిన బట్ట పేటకు వస్తుంది. ఆ మూటలు మోసేవాడు ఎప్పుడూ సమయానికి రాడు, మగ్గాలు ఖాళీగా ఉంటాయి. నడవకుండా ఉండలేని మనిషి ఒకడు ఆ పనికి ఉంటే ఎంత కలిసివస్తుందో చెప్పాను. వాడు చెక్కుతూనే విన్నాడు.

"మగ్గంలో కూచోకుండా నాడె మాదిరి తిరగమంటావు."

"నాకు అంత అందంగా చెప్పేది రాదు. తిరగమంటాండా."

వాడు ముద్ర నా కాగితం మీద వేసి, ఊది, డబ్బాను మళ్ళీ తొర్రలో పెట్టి వచ్చాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టి చాలాసేపైంది. అమ్మ వాకిట్లోనే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో మా ఆవిడ చెప్పలేదు. వాడి భుజం మీది పడకచుట్టను అమ్మే అందుకొని కింద దించింది. కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది. అప్పుడు, తిరిగొచ్చినవాణ్ణి అడిగితే తప్పులేదు గనక, "యాడికి పోయుంటివి రా?" అంది.

వాడు గడప మీద కూర్చొని, గుడి పందిరి నుంచి మొదలుపెట్టి, ఆ రోజుదే కాదు, తిరిగొచ్చినప్పటి నుంచి తిరిగిన చోట్లన్నీ చెప్పాడు. అమ్మ మధ్యమధ్య "అంబలిలో మజ్జిగ పులుపా?" "సోడా అంటే ఏమిరా, మంచిదేనా?" అని అడుగుతూ ఉంది. మా ఆవిడ ముద్రల కాగితం దీపం దగ్గర పెట్టి చూపించింది. అమ్మ అలుక్కుపోయిన సోడాబుడ్డిని చూసి అది వంకాయ అనుకుంది.

వాడు కుదుటపడ్డాడని చెప్పను. తర్వాత కూడా చీకటితోనే లేచేవాడు. అన్నం చాలాకాలం నిలబడే తిన్నాడు. చెప్పుల చప్పుడుకు నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. పండగ వెళ్ళిన వారానికి నూలు మూట భుజానికెత్తుకున్నాడు. గడప దగ్గర అమ్మ ఎప్పటిలాగే నోరు తెరవబోతే, వాడే ముందు చెప్పేశాడు.

"దొడ్డబళ్ళాపురానికమ్మా."

అమ్మ గాభరాపడి నా వైపు చూసింది. అడగకుండా చెప్పినా పని చెడుతుందా అని ఆమె అనుమానం. ఆ శాస్త్రం నాకూ తెలియదు.

"ఎంత దూరమో అన్నను అడుగు" అని వాడు వీధిలోకి దిగాడు.